సూపర్‌ఛార్జర్ కారులో బైపాస్ వాల్వ్ కొట్టుకుంటోందా? వాల్వ్ మార్చేముందు గొట్టం సంగతి చూడండి

మూడో గేర్‌లో పావు యాక్సిలేటర్ మీద వెళ్తుంటారు, రోడ్డు కొంచెం ఎత్తెక్కుతుంది, ఇంకాస్త తొక్కుతారు, అంతే, బండి సాఫీగా లాగాల్సింది పోయి లాగి వదిలి లాగి వదిలి ఊగడం మొదలెడుతుంది. పెడల్ ఫుల్‌గా తొక్కేస్తే ఏ గొడవా లేదు, పూర్తిగా వదిలేసినా లేదు, ఆ మధ్యలోనే ఉంది తంటా అంతా. బానెట్ ఎత్తి ఇంకొకరిని పెడల్ దగ్గర కూర్చోబెట్టి చూస్తే బైపాస్ వాల్వ్ పక్కనున్న చిన్న ఆర్మ్ టకటకా కొట్టుకుంటూ కనిపిస్తుంది, దాంతో చాలామంది వాల్వ్ పోయిందని తేల్చేసి కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. అది వస్తుంది, బిగిస్తారు, కొన్నాళ్ళు పర్లేదనిపిస్తుంది, తర్వాత మళ్ళీ మామూలే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ వాల్వ్ తనంతట తాను ఏదీ చెయ్యదు, ఒక సన్న గొట్టంలోంచి వచ్చే వాక్యూమ్ ఎటు లాగితే అటు కదులుతుంది, కాబట్టి అది కొట్టుకుంటోందంటే ముందు అనుమానించాల్సింది దానికి అందుతున్న సిగ్నల్‌ని, వాల్వ్‌ని కాదు.

అసలు ఈ బైపాస్ ఎందుకుందో లెక్క వేస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మినీ కూపర్ ఎస్ తీసుకుందాం, 2006 దాకా వచ్చిన పాత మోడల్, ఆర్53 అంటారు దాన్ని. 1.6 లీటర్ ఇంజన్, దాని మీద ఇంజన్ బెల్ట్‌తో తిరుగుతూ గాలిని లోపలికి తోసే ఈటన్ కంపెనీ ఎం45 సూపర్‌ఛార్జర్. ఎం45 అంటే ఒక చుట్టుకి 45 క్యూబిక్ ఇంచులు, అంటే సుమారు 737 సీసీ గాలి తోస్తుంది. పుల్లీ సైజుల వల్ల ఇంజన్ ఒక చుట్టు తిరిగితే బ్లోయర్ (సూపర్‌ఛార్జర్‌నే ఇలా కూడా అంటారు) దాదాపు రెండు చుట్లు తిరుగుతుంది, అంటే ఇంజన్ చుట్టుకి 1.4 లీటర్లకి పైనే. ఇటు ఇంజన్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి చుట్టుకి మింగేది 0.8 లీటర్లే. మిగిలిన గాలి అంతా ఏమవ్వాలి? ఫుల్‌గా తొక్కినప్పుడు అదే బూస్ట్, దానికోసమే కదా సూపర్‌ఛార్జర్ పెట్టుకుంది. కానీ హైవే మీద 80లో నిదానంగా వెళ్తున్నప్పుడు బూస్ట్ అక్కర్లేదు, అయినా బెల్ట్ తిప్పుతూనే ఉంటుంది కాబట్టి బ్లోయర్ తోస్తూనే ఉంటుంది. అప్పుడు ఆ ఎక్కువైన గాలి బ్లోయర్ వెనకనుంచి మళ్ళీ ముందుకి తిరిగి వచ్చేలా ఒక అడ్డదారి పెట్టారు, ఆ దారిలో ఒక బటర్‌ఫ్లై తలుపు, ఆ తలుపుని తిప్పడానికి స్ప్రింగూ రబ్బరు డయాఫ్రమ్‌తో ఒక డబ్బా. డబ్బాకి వాక్యూమ్ అందితే డయాఫ్రమ్ స్ప్రింగ్‌ని నొక్కి తలుపు తెరుస్తుంది, గాలి ఊరికే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఇంజన్ మీద భారం పడదు, గాలి వేడెక్కదు, మైలేజ్ పోదు. తొక్కగానే వాక్యూమ్ పడిపోతుంది, స్ప్రింగ్ తలుపు మూసేస్తుంది, బూస్ట్ వచ్చేస్తుంది. ఇంతే దాని పని.

ఈ ఈటన్ రకం బండ్లలో చాలావాటికి థ్రాటిల్ (పెడల్ తొక్కితే తెరుచుకుని ఇంజన్‌కి గాలి వదిలే మూత) బ్లోయర్ కంటే ముందే ఉంటుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి ఎందుకంటే తంటా మొత్తం ఇక్కడే మొదలవుతుంది. థ్రాటిల్‌కీ బ్లోయర్‌కీ మధ్యనున్న చోటుని ముందు గది అందాం, బ్లోయర్ దాటాక ఇంజన్ దాకా ఉన్నదాన్ని వెనక గది అందాం. బైపాస్ తలుపు ఈ రెండు గదుల మధ్య ఉంటుంది. తలుపు బార్లా తెరిచి ఉంటే రెండు గదుల్లోనూ ప్రెషర్ ఇంచుమించు ఒకటే. తలుపు మూసుకుంటే బ్లోయర్ ముందు గదిలోంచి గుంజి వెనక గదిలో కుక్కుతుంది, అంటే ముందు గదిలో వాక్యూమ్ పెరుగుతుంది, వెనక గదిలో ప్రెషర్ పెరుగుతుంది.

ఇప్పుడు సిగ్నల్ గొట్టం ముందు గదికి తగిలించి ఉందనుకోండి, మామూలుగా ఉండాల్సింది అక్కడే. మీరు సగం తొక్కారు, వాక్యూమ్ కొంచెం తగ్గింది, స్ప్రింగ్ తలుపుని మూయడం మొదలెట్టింది. తలుపు మూసుకునేకొద్దీ బ్లోయర్ ముందు గదిలోంచి ఎక్కువ గుంజుతుంది, అక్కడ వాక్యూమ్ మళ్ళీ పెరుగుతుంది, ఆ వాక్యూమ్ గొట్టంలోంచి డబ్బాకి చేరి తలుపుని మళ్ళీ తెరుస్తుంది, తెరవగానే వాక్యూమ్ తగ్గుతుంది, స్ప్రింగ్ మళ్ళీ మూస్తుంది. తనని తాను సరిచేసుకునే ఏర్పాటే ఇది, అన్నీ వెంటవెంటనే జరిగితే తలుపు మధ్యలో ఎక్కడో ఒకచోట నిలబడి మీరు అడిగినంత బూస్టే ఇస్తుంది, చాలా హాయిగా ఉంటుంది. వెంటనే జరగకపోతేనే చిక్కు. గీజర్ దూరంగా ఉన్న బాత్రూంలో స్నానం చేసినవాళ్ళకి తెలుసు, నీళ్ళు చల్లగా ఉన్నాయని వేడి ట్యాప్ తిప్పుతాం, వేడి రావడానికి టైం పడుతుంది, ఈలోపు ఇంకా తిప్పుతాం, తీరా వచ్చేసరికి కాలిపోతుంది, వెంటనే కట్టేస్తాం, మళ్ళీ చల్లగా. వాల్వ్ చేసేది కూడా అదే, సిగ్నల్ లేటుగా వస్తే అది ఎప్పుడూ పాత సంగతికి స్పందిస్తూ ఉంటుంది. సెకనుకి రెండు మూడు సార్లు, ఒక్కోసారి ఐదారు సార్లు అలా తెరుచుకుని మూసుకుంటుంటే మీకు సీట్లో తెలిసేది ఆ లాగి వదిలే ఊపు.

సిగ్నల్ లేటు ఎందుకవుతుంది? గొట్టం పొడుగ్గా ఉండొచ్చు, గొట్టానికి టీ జాయింట్లు పెట్టి బూస్ట్ గేజ్‌కీ ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కీ ఇంకా దేనికో కలిపి ఉండొచ్చు, ఆ గొట్టాలన్నిట్లోని గాలీ ఖాళీ అయ్యాకే డబ్బాకి వాక్యూమ్ పూర్తిగా అందుతుంది. గొట్టం పగిలి సన్నగా గాలి పీలుస్తుండొచ్చు. ఇంకొక పెద్ద కారణం ఘర్షణ, దీన్ని చాలామంది అసలు లెక్కలోకే తీసుకోరు. క్రాంక్‌కేస్ నుంచి పీసీవీ (ఆ ఆవిరిని మళ్ళీ ఇంజన్‌లోకి పంపే వాల్వ్) దారిన వచ్చే ఆయిల్ ఆవిరి బైపాస్ గొంతులో పేరుకుని జిగురులా తయారవుతుంది, దాంతో బటర్‌ఫ్లై షాఫ్ట్ కొంచెం పట్టుకుంటుంది. పట్టుకున్న తలుపు వాక్యూమ్ కొంచెం మారితే కదలదు, ఇంకా మారాక ఒక్కసారిగా గెంతుతుంది, గెంతితే అవసరమైనదానికంటే ఎక్కువ తెరుచుకుంటుంది, మళ్ళీ వెనక్కి రావడానికి ఇంకో గెంతు. కొత్త వాల్వ్ వేసినప్పుడు కొన్నాళ్ళు బాగున్నట్టు అనిపించడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే, కొత్త షాఫ్ట్ శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఘర్షణ లేదు, ఆయిల్ మళ్ళీ పేరుకోగానే కథ మొదటికొస్తుంది. క్లీన్ చేసుకుంటే పోయేదానికి ఇంత డబ్బు ఖర్చుపెడుతున్నారే అని నిజంగా బాధేస్తుంది.

సిగ్నల్ గొట్టం పొరపాటున వెనక గదికి తగిలిస్తే ఇంకో రకం రోగం వస్తుంది. అక్కడ తలుపు మూసుకుంటే వెనక గదిలో ప్రెషర్ పెరుగుతుంది, అంటే వాక్యూమ్ ఇంకా తగ్గుతుంది, అంటే తలుపు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. తెరుచుకునేటప్పుడు కూడా అంతే, ఒక్కసారి మొదలైతే పూర్తిగా తెరుచుకునేదాకా ఆగదు. మధ్యలో నిలబడటం అనేదే ఉండదు, ఉంటే పూర్తి బూస్ట్ లేకపోతే సున్నా, పెడల్ మీద కాలు వెంట్రుకవాసి కదిలినా ధడేల్‌మని కుదుపు. ఇంజన్ దించి మళ్ళీ ఎక్కించినప్పుడో ఇంటర్‌కూలర్ పైపులు మార్చినప్పుడో గొట్టాలు తారుమారై ఇలా జరుగుతుంది, కిట్ కొనుక్కుని సొంతంగా బిగించుకున్నవాళ్ళలో మరీ ఎక్కువ. లక్షణం చూడ్డానికి మొదటిదానిలాగే ఉంటుంది గానీ తేడా ఏంటంటే ఇది ఒక తాళంలో ఊగదు, మీ కాలు కదిలినప్పుడే కొడుతుంది. కాలు అస్సలు కదపకుండా ఉంచినా బండి ఊగుతూనే ఉంటే అది మొదటి రకం.

మూడోది ఐడ్లింగ్‌లో వినపడే బుర్రుమనే మోత. దీనికీ పై రెండింటికీ సంబంధం లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకి రెండుసార్లు గాలి పీలుస్తుంది, 800 ఆర్‌పీఎం దగ్గర లెక్క వేస్తే సెకనుకి దాదాపు 27 గుటకలు, అదే ఎనిమిది సిలిండర్ల వీ8 అయితే 53. ప్రతి గుటకకీ, గాలిని సిలిండర్లకి పంచే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఒకసారి పెరిగి తగ్గుతుంది. స్ప్రింగ్ మెత్తగా ఉండి, గొట్టం బాగా పొట్టిగా ఉండి, ఏదో ఒక పోర్ట్ దగ్గర్నుంచే సిగ్నల్ తీసుకుంటే డయాఫ్రమ్ ఆ గుటకలన్నిటికీ ఆడుతుంది. పెద్ద క్యామ్ (ఇంజన్ వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచేది) వేసిన ఇంజన్లలో ఐడ్లింగ్ వాక్యూమ్ తక్కువగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి వాటిలో మరీనూ, తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి సరిపడా వాక్యూమ్ లేక సగంలో వేలాడుతూ వణుకుతుంది. మోత చిరాగ్గా ఉంటుంది తప్ప డ్రైవింగ్‌లో పెద్దగా తెలీదు, అలాగని వదిలేయొద్దు, సెకనుకి పాతిక ముప్పైసార్లు అరుగుతుంటే షాఫ్ట్ బుష్‌లూ డయాఫ్రమ్ అంచూ ఎంతకాలం ఆగుతాయి చెప్పండి.

వీటి మందులు ఒకదానికొకటి వ్యతిరేకం, అందుకే ముందు ఏ రకమో తేల్చుకోవాలంటున్నాను. మూడో రకానికి గొట్టంలో సన్న జెట్ (చిన్న బెజ్జమున్న ముక్క) పెట్టి సిగ్నల్‌ని నెమ్మది చేస్తే చాలు, అదే జెట్ మొదటి రకానికి పెడితే సిగ్నల్ ఇంకా లేటై ఊపు పెరగొచ్చు. మొదటి రకానికి గట్టి స్ప్రింగ్ పనిచేయొచ్చు, అదే గట్టి స్ప్రింగ్ పెద్ద క్యామ్ ఉన్న ఇంజన్‌కి వేస్తే ఐడ్లింగ్‌లో తలుపు తెరుచుకోనే తెరుచుకోదు.

తేల్చుకోవడానికి ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. బ్రేక్ బ్లీడింగ్‌కి వాడే, చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు గేజ్‌తో సహా ఒకటి దొరికితే చాలు. ఇంజన్ ఆపి, డబ్బా దగ్గర గొట్టం పీకి, పంపు తగిలించి నిదానంగా నొక్కుతూ ఆర్మ్ వైపు చూడండి. గేజ్ ఎంత చూపించినప్పుడు ఆర్మ్ మొదటిసారి కదిలిందో రాసుకోండి, పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎంతో రాసుకోండి, అక్కడ ఆపి ఒక నిమిషం చూడండి, ముల్లు దిగిపోతుంటే డయాఫ్రమ్ చిల్లు పడింది, అప్పుడు మాత్రం డబ్బా మార్చాల్సిందే, ఇంకో మాట లేదు. ముల్లు నిలబడితే ఇప్పుడు నిదానంగా గాలి వదులుతూ ఆర్మ్ మూసుకోవడం ఎక్కడ మొదలైందో చూడండి. అసలు విషయం ఇక్కడుంది. ఉదాహరణకి వెళ్ళేటప్పుడు గేజ్ మీద 5 ఇంచుల (పాదరసం లెక్కన) దగ్గర కదిలిన ఆర్మ్ వచ్చేటప్పుడు 4 దాటాక తిరిగి సర్దుకుంటే బాగున్నట్టే, అలాకాకుండా 2 దాకా కదలకుండా బిగుసుకుని ఉండి అప్పుడు టప్పుమని మూసుకుంటే ఆ మధ్య తేడా అంతా ఘర్షణే. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, చల్లగా ఉన్నప్పుడు ఒకసారి చేస్తే ఇంకా మంచిది, గొంతు వేడెక్కాకే షాఫ్ట్‌ని పట్టుకునే కేసులు వేడిలోనే బయటపడతాయి.

ఆ తర్వాత బండి నడుస్తుండగా చూడాలి. ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ రీడింగులు ఫోన్‌లో చూపించే ప్లగ్) ఉంటే మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్‌లో గాలి ప్రెషర్ కొలిచేది) ప్రెషర్, థ్రాటిల్ పొజిషన్, ఈ రెండే రికార్డ్ చెయ్యండి, చవక డాంగిల్‌లో పది రీడింగులు ఒకేసారి పెడితే ఒక్కోటీ సెకనుకి ఒకటో రెండో సార్లే అప్‌డేట్ అవుతుంది, ఊపు అసలు కనపడదు. పెడల్ కదపకుండా పట్టుకున్నప్పుడు థ్రాటిల్ గీత నున్నగా ఉండి ప్రెషర్ గీత మాత్రం అలలు అలలుగా ఉంటే బైపాస్ కొట్టుకుంటోంది. థ్రాటిల్ గీత కూడా అలలుగా ఉంటే జాగ్రత్త, ఇప్పటి బండ్లలో థ్రాటిల్‌ని తిప్పేది కంప్యూటర్ కాబట్టి అది టార్క్ సర్దుబాటు కోసం ఊపుతుండొచ్చు, అప్పుడు వాల్వ్ దాని వెనక ఊగుతోంది తప్ప తనే మొదలెట్టలేదు, ఆ కేసు ట్యూనర్ (బండి కంప్యూటర్ సెట్టింగులు మార్చేవాళ్ళు) దగ్గరికి వెళ్ళాలి. డాంగిల్ లేకపోతే డబ్బా దగ్గర టీ వేసి మామూలు వాక్యూమ్ గేజ్ ఒకటి లోపలికి లాక్కుని చూడొచ్చు, ముల్లు అదురు చూస్తేనే చాలా వరకు తెలుస్తుంది. ఆర్మ్ మీద వైట్‌నర్‌తో చుక్క పెట్టి ఫోన్ స్లో మోషన్‌లో తీస్తే ఐడ్లింగ్ వణుకు ఎంత దూరం ఆడుతోందో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది.

అప్పటికీ అనుమానం తీరకపోతే ఒక పరీక్ష ఉంది, థ్రాటిల్ బ్లోయర్‌కి ముందున్న బండ్లలో మాత్రమే. ఆర్మ్‌ని మూసి ఉన్న పొజిషన్‌లో వైరుతో కట్టేసి, ఖాళీ రోడ్డు మీద కాసేపు నిదానంగా నడిపి చూడండి. బ్లోయర్ మోత ఎక్కువవుతుంది, గాలి వేడెక్కుతుంది, అందుకే కాసేపే అంటున్నాను. ఊపు పూర్తిగా పోతే దొంగ దొరికినట్టే. ఊపు అలాగే ఉంటే బైపాస్‌ని వదిలేసి ఇగ్నిషన్, ఫ్యూయల్, ఇంజన్ మౌంట్లు చూసుకోండి. థ్రాటిల్ బ్లోయర్ తర్వాత ఉండే సెంట్రిఫ్యూగల్ (చక్రంతో గాలిని విసిరే రకం) కిట్లకి మాత్రం ఈ పని అస్సలు చెయ్యొద్దు, ఎందుకో కింద చెబుతాను.

ఇక రిపేరు. గొట్టాలతో మొదలెట్టండి, ఎందుకంటే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. వాల్వ్ డబ్బాకి వెళ్ళే గొట్టం దానికొక్కదానికే సొంతంగా ఉండాలి, గేజ్‌కీ రెగ్యులేటర్‌కీ వేరే నిపుల్ నుంచి తీసుకోండి, బ్రేక్ బూస్టర్ గొట్టంలోంచి అయితే అస్సలు లాగొద్దు. అడుగు లోపే ఉంటే మంచిది, గోడ దళసరిగా ఉండాలి, రంగురంగుల పల్చటి సిలికాన్ గొట్టాలు చూడ్డానికి బాగుంటాయి గానీ ఇంజన్ వేడికి మెత్తబడి వాక్యూమ్‌కి లోపలికి అణిగిపోతాయి, వంపు దగ్గర మరీను. గొట్టం ముందు గదికే వెళ్తోందా లేదా వేలు పెట్టి చివరిదాకా చూసుకోండి, ఊహించొద్దు. మధ్యలో ఎవరైనా వన్‌వే వాల్వ్ పెట్టి ఉంటే తీసేయండి, అది వాక్యూమ్‌ని డబ్బాలో బంధించేస్తుంది, తలుపు టైంకి మూసుకోదు.

తర్వాత శుభ్రం. వాల్వ్ బయటికి తీసి థ్రాటిల్ బాడీ క్లీనర్ గుడ్డకి కొట్టి గొంతు, బటర్‌ఫ్లై అంచు, షాఫ్ట్ బయటికొచ్చే రెండు చివర్లు తుడవండి. డబ్బా రబ్బరు మీద క్లీనర్ పడనివ్వొద్దు, వాల్వ్ బండి మీదే ఉంచి గొంతులోకి స్ప్రే కొట్టడం కూడా వద్దు, అది కారి బ్లోయర్ లోపలికి వెళ్తుంది, లోపల తిరిగే రోటర్ల మీద పూత ఉంటుంది, దాన్ని పాడుచేసుకోవడం ఎందుకు. షాఫ్ట్‌ని చేత్తో పైకీ కిందకీ ఊపి చూడండి, లూజు ఎక్కువుంటే బుష్‌లు అరిగాయి, అలాంటప్పుడు ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. బటర్‌ఫ్లై స్క్రూలు వదులయ్యాయేమో కూడా చూసుకోండి, ఊడిపడ్డ స్క్రూ గాలితోపాటు తిరిగి రోటర్ల మధ్యకి వెళ్తే నష్టం లక్షల్లో ఉంటుంది. ఆయిల్ మరీ ఎక్కువగా పేరుకుని ఉంటే పీసీవీ వాల్వ్ సంగతి చూసి, వీలైతే ఆ ఆయిల్ ఆవిరిని పట్టే క్యాచ్ క్యాన్ పెట్టుకోండి, లేకపోతే మళ్ళీ మళ్ళీ తుడుస్తూనే ఉండాలి.

ఇవన్నీ అయ్యాక కూడా ఊపు మిగిలి ఉంటే అప్పుడు స్ప్రింగ్ జోలికి వెళ్ళాలి. చిన్న పుల్లీ వేసిన బండ్లలో ఇది తరచూ కావాల్సి వస్తుంది. ఆర్53లో 15 శాతం చిన్న పుల్లీ వేయడం చాలా మామూలు విషయం, దాంతో బ్లోయర్ అదే ఆర్‌పీఎంలో ముందు గదిని ఇంకా గట్టిగా గుంజుతుంది, వాక్యూమ్ పెరుగుతుంది, కంపెనీ స్ప్రింగ్ పాత పుల్లీకి లెక్క వేసింది కాబట్టి ఇప్పుడు మెత్తబడినట్టే లెక్క, మీరు బూస్ట్ అడుగుతున్నప్పుడు కూడా తలుపు తెరవాలని చూస్తుంది. ఏళ్ళ తరబడి వేడికి స్ప్రింగ్ కొంచెం అలిసిపోయి ఉంటుంది, అదొకటి. రాడ్‌కి థ్రెడ్ ఉంటే ఒకటో రెండో మిల్లీమీటర్లు పొడుగుచేసి స్ప్రింగ్ ముందే కొంచెం నొక్కుకుని ఉండేలా సెట్ చెయ్యండి, లేకపోతే గట్టి స్ప్రింగ్ ఉన్న డబ్బా దొరుకుతుంది. కానీ గట్టిదనం ఎక్కువైతే క్రూజింగ్‌లో తలుపు పూర్తిగా తెరుచుకోదు, బ్లోయర్ ఈల వేస్తూనే ఉంటుంది, ఇన్‌టేక్ గాలి వేడెక్కుతుంది, మైలేజ్ పడిపోతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా మార్చి, ప్రతిసారీ పంపుతో కొత్త నంబర్లు రాసుకుని, ఐడ్లింగ్ వాక్యూమ్‌కి తలుపు బార్లా తెరుచుకుంటోందని నిర్ధారించుకున్నాకే ఆపండి.

జెట్ విషయం. ఐడ్లింగ్ వణుకుకి పాత బైక్ కార్బ్యురేటర్ జెట్, 1 మిల్లీమీటర్ అటూ ఇటూ బెజ్జం ఉన్నది, గొట్టంలో డబ్బాకి దగ్గరగా దూర్చి క్లిప్ వేస్తే సరిపోతుంది, ఆ గుటకలన్నీ సన్న బెజ్జం దగ్గరే చచ్చిపోయి డబ్బాకి సగటు వాక్యూమ్ మాత్రమే అందుతుంది. నష్టం ఏంటంటే ఫుల్‌గా తొక్కినప్పుడు తలుపు మూసుకోవడం కూడా లేటవుతుంది, పికప్ కాస్త మందంగా అనిపిస్తుంది. దీనికి నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది, జెట్‌కి పక్కనే ఒక చిన్న వన్‌వే వాల్వ్ సమాంతరంగా పెట్టి, గాలి డబ్బా వైపు ధారాళంగా వెళ్ళేలా, డబ్బా నుంచి బయటికి మాత్రం జెట్ గుండానే నెమ్మదిగా వెళ్ళేలా చేస్తే, తలుపు మూసుకునేటప్పుడు వెంటనే మూసుకుంటుంది, తెరుచుకునేటప్పుడు నిదానిస్తుంది. పాత కార్బ్యురేటర్ కార్లలో డిస్ట్రిబ్యూటర్ గొట్టంలో ఉండే వాక్యూమ్ డిలే వాల్వ్ సరిగ్గా ఇదే పని చేస్తుంది, స్క్రాప్‌లో దొరికితే సరైన దిక్కులో తగిలించుకోవడమే. మొదటి రకం ఊపు మొండికేసినప్పుడు కూడా ఇది కొన్ని బండ్లలో పనిచేస్తుంది, ఎందుకంటే తెరుచుకోవడం మిగతావాటికంటే బాగా నెమ్మదైపోతే తలుపు ప్రతి చిన్న మార్పుకీ పరిగెత్తడం మానేస్తుంది. అరకొర నెమ్మది మాత్రం హానే చేస్తుంది, ముందు చెప్పాను కదా.

జీఎం (జనరల్ మోటార్స్) 3800 వీ6 ఇంజన్, అదే పాంటియాక్ గ్రాండ్ ప్రీ జీటీపీ లాంటి వాటిలో వచ్చిన ఎల్67, దాంట్లో ఈటన్ ఎం90 బైపాస్‌కి కంప్యూటర్ నడిపే సోలనాయిడ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వ్) కూడా ఉంటుంది, అవసరమైతే బూస్ట్ తగ్గించడానికి. అలాంటి బండ్లలో డబ్బాకి ఒకటికి మించి గొట్టాలుంటాయి, సోలనాయిడ్ దగ్గర గొట్టం పగిలినా అటుది ఇటు మారినా వాల్వ్ పిచ్చిపిచ్చిగా ఆడుతుంది, చేతిపంపు పరీక్షలో మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అమెరికాలో పాత బండి కొనుక్కుని సొంతంగా చేసుకునేవాళ్ళు ఇది చూసుకోండి.

సెంట్రిఫ్యూగల్ సూపర్‌ఛార్జర్లు, వోర్‌టెక్, ప్రోచార్జర్ లాంటివి, మస్టాంగ్‌లకి ఎక్కువగా వేస్తారు, వాటి లోకమే వేరు. అక్కడ థ్రాటిల్ బ్లోయర్ తర్వాత ఉంటుంది, మీరు ఒక్కసారిగా కాలు తీసేస్తే థ్రాటిల్ మూసుకుంటుంది, తోసిన గాలి దానికి కొట్టుకుని వెనక్కి తిరుగుతుంది, కంప్రెసర్ చక్రం మీదుగా గాలి ముందుకీ వెనక్కీ కొట్టుకోవడాన్ని సర్జ్ అంటారు, టపటపటప అని వినపడుతుంది. కొంతమందికి ఆ సౌండ్ ఇష్టం గానీ బేరింగులకీ బెల్ట్‌కీ అది దెబ్బే. ఆ గాలిని బయటికి పంపడానికే ఈ వాల్వ్, అందుకే ఇక్కడ దాన్ని కట్టేసి నడపకూడదు, దీని గొట్టంలో జెట్ కూడా పెట్టకూడదు, కాలు తీసిన క్షణంలోనే తెరుచుకోవాలి. ఇక్కడ సిగ్నల్ థ్రాటిల్ తర్వాత మానిఫోల్డ్ నుంచే రావాలి. పుల్లీ చిన్నది వేసి బూస్ట్ పెంచినప్పుడు పాత వాల్వ్ సైజు ఆ గాలికి సరిపోక సర్జ్ వస్తే ఎన్ని స్ప్రింగులు మార్చినా ఉపయోగం లేదు, పెద్ద వాల్వో రెండో వాల్వో వేసుకోవాలి. స్ప్రింగ్ గట్టిదైనా ఇదే లక్షణం వస్తుంది. టర్బో కోసం చేసిన వాల్వ్ తెచ్చి వేస్తే వచ్చే తంటా ఇది, టర్బో ఐడ్లింగ్‌లో పెద్దగా తొయ్యదు కాబట్టి దాని వాల్వ్ మూసుకుని ఉన్నా పర్లేదు, బెల్ట్‌తో తిరిగేదానికి ఐడ్లింగ్‌లోనూ క్రూజింగ్‌లోనూ తెరిచే ఉండాలి.

ఇంకొకటి, గాలి కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సార్ బ్లోయర్‌కి ముందుంటే వాల్వ్ నుంచి వచ్చే గాలిని బయటికి వదలకుండా మళ్ళీ ఇన్‌టేక్‌లోకే కలపాలి, లేకపోతే కంప్యూటర్ లెక్కించిన గాలి ఇంజన్‌లోకి చేరదు, పెట్రోల్ మాత్రం ఆ లెక్కకే పడుతుంది, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ ఆఫ్ అయిపోతుంది. కలిపే చోటు కూడా ముఖ్యమే, సెన్సార్‌కి మరీ దగ్గరగా, దాని ముఖం మీదకి ఊదేలా ఉంటే రీడింగ్ అదురుతుంది, దాంతో ఇంధనం అదురుతుంది, ఐడ్లింగ్ పైకీ కిందకీ పోతుంది, చూసేవాళ్ళు మళ్ళీ వాల్వ్‌నే తిడతారు. పైపుని సెన్సార్‌కి వీలైనంత దూరంగా, బ్లోయర్ వైపు వాలుగా కలపండి.

మన దేశంలో కంపెనీ నుంచే సూపర్‌ఛార్జర్‌తో వచ్చి జనం కాస్త ఎక్కువగా కొన్నది మెర్సిడెస్ కంప్రెసర్ బ్యాడ్జ్ బండ్లు, సీ200 కంప్రెసర్ లాంటివి. 1.8 లీటర్ ఎం271 ఇంజన్ ఉన్న వాటిలోనూ, ఆడి 3.0 టీఎఫ్‌ఎస్‌ఐ వీ6లోనూ ఈ తలుపుని వాక్యూమ్ డబ్బా కాదు, ఎలక్ట్రిక్ మోటర్ తిప్పుతుంది. కాబట్టి వీటికి గొట్టం, జెట్, స్ప్రింగ్ కబుర్లేవీ వర్తించవు. తలుపు ఎక్కడుందో చెప్పే సెన్సార్ అరిగినా, కనెక్టర్‌లో తుప్పు పట్టినా, గొంతులో ఆయిల్ జిగురు పట్టుకున్నా మోటర్ వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. స్కానర్ పెట్టి కంప్యూటర్ అడిగిన పొజిషన్, తలుపు నిజంగా ఉన్న పొజిషన్ రెండూ పక్కపక్కన చూడండి, అడిగింది నిలకడగా ఉండి ఉన్నది ఆడుతుంటే తలుపు దగ్గర పని, అడిగిందే ఆడుతుంటే తలుపు ముట్టుకోవద్దు. క్లీన్ చేసి తిరిగి బిగించాక స్కానర్‌తో అడాప్టేషన్ (తలుపు హద్దులు కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించడం) చేయించండి, అది చేయకపోతే కంప్యూటర్ పాత జిగురు రోజుల్లో నేర్చుకున్న చివరి హద్దులతోనే తలుపుని నడుపుతూ ఉంటుంది.